ధాత్రి పేరిట పుట్టని చుక్క

ఆ కాలంలో బారసాలనాడు బిడ్డకు పేరుతో పాటు ఆకాశంలో చుక్కలు పుట్టే ధూళిమేఘాల్లోంచి ఒక మబ్బుముద్దను కూడా ఇచ్చేవారు. ఆ ముద్ద లక్షల ఏళ్లకు నక్షత్రమవుతుంది, దానికి ఆ బిడ్డ పేరే ఉంటుంది. హైమ కూతురు ధాత్రికి ముద్దను ఎంచి ఇచ్చింది మేనమామ రఘునందన్. అతను ఆ పంపకాల ఆఫీసులోనే పనిచేసేవాడు. తన కూతురు మేధకూ అదే మేఘంలో ఇంకో ముద్ద తీసుకున్నాడు.

ధాత్రి రోజూ జడ వేయించుకుంటూ వంటింటి గోడ మీద కదిలే ఆకాశం బొమ్మలో తన ముద్దను చూసుకునేది. ఒక ఉదయం అది సగమే కనిపించింది. పక్కనున్న పెద్ద నక్షత్రం వేడికి మిగతాదంతా చెదిరిపోయింది. దూరంగా ఉన్న మేధ ముద్దను మాత్రం అదే నక్షత్రం గాలి నొక్కి నొక్కి గట్టిపరిచింది. అక్కడ ఎప్పటికైనా చుక్క పుడుతుంది.

హైమ అన్నకు ఫోన్ చేసింది.

"నీకు ముందే తెలుసా అన్నయ్యా?"

"అప్పటికి ఆ రెండే మిగిలాయమ్మా. మంచిది మేధకి ఉంచుకున్నాను."

"మా అన్నయ్య ఏరి ఇచ్చాడని ఊరంతా చెప్పుకున్నాను."

"పాపకి చెప్పకు. గోడ మీద బొమ్మ మార్పిస్తాను, దానికేం తెలుస్తుంది?"

చిన్నప్పుడు మామిడిపండు కోస్తే ముక్కలన్నీ ఆమెకిచ్చి టెంక తను చీకిన అన్న అతను. హైమ ఫోన్ పెట్టేసింది.

ధాత్రి దువ్వెనతో వచ్చింది. "అమ్మా, నా చుక్క చిన్నదైపోయిందేం?"

"అది పుట్టదమ్మా," అంది హైమ కూతుర్ని దగ్గరకు తీసుకుని. "ఆ సంగతి మామయ్యకి, అది నీకిచ్చిన రోజే తెలుసు."