కలవని మూల

తిరువూరులో ఆ పేటలో నెల తిరక్కుండా తాళం వేసిన మూడిళ్లు దోచుకున్నారు. అందుకే గంపలగూడెంలో చెల్లెలి ఇంట పెళ్లికి బయల్దేరుతూ బాలామణి, పక్క సందులో ఉండే నూర్‌బీని పిలిచింది.

“తెల్లారకముందే మా వాకిట్లో నీళ్లు చల్లి ముగ్గెయ్యి నూర్‌బీ. ముగ్గుంటే ఇంట్లో మనుషులున్నట్టే.”

“నాకు సరిగ్గా రాదక్కా.”

“ఎలా వేసినా పర్లేదులే. దొంగోడేమన్నా వంకలు పెడతాడా?”

నాలుగు రోజులుగా నూర్‌బీ వేస్తూనే ఉంది. ఎంత జాగ్రత్తపడినా నాలుగో మూల గీత కలవదు. అలాగే వదిలేసి వచ్చేస్తోంది.

ఐదో రోజూ చీకటితోనే లేచింది. భర్త షంషేర్ లారీ మీద వెళ్లాడు. ఇంట్లో తనొక్కతే. తలుపు దగ్గరగా వేసి, ముగ్గు డబ్బా పట్టుకుని సందు మలుపు తిరిగింది. బాలామణి వాకిట్లో చుక్కలు పెడుతుంటే తన సందులో ఎవరో నీళ్లు చల్లుతున్న చప్పుడు వినిపించింది. ఇంత పెందలాడే ఎవరు లేచారో అనుకుంది. కాసేపటికి చప్పుడు ఆగిపోయింది. కుక్కలు కూడా మొరగలేదు.

పని ముగించి ఇంటికొచ్చింది. గుమ్మం ముందు నేల తడిగా ఉంది. కాపురానికి వచ్చిన ఇరవై ఏళ్లలో ఆ ఇంటి ముందు ఎవరూ ముగ్గు వేయలేదు. ఇప్పుడు ఉంది. నూర్‌బీ ఫోను లైటు వేసి చూసింది. రోజూ తను వేసే ముగ్గే. నాలుగో మూల గీత కలవలేదు.

బాలామణి చెప్పిన మాట గుర్తొచ్చింది. ముగ్గుంటే ఇంట్లో మనుషులున్నట్టే.

చెయ్యి చాపి తలుపు మెల్లగా తోసింది. లోపల గడియ పెట్టి ఉంది.