దెయ్యాల డైరెక్టరుకి సన్మానం

సన్మానం అన్నారు కదా అని టీచరు తన తండ్రికి ఇస్త్రీ చొక్కా తొడిగి, తల దువ్వి, హాలుకి తీసుకొచ్చింది. గుమ్మానికి కట్టిన బ్యానరు చదివి ఆవిడ ఆగిపోయింది.

‘చెత్త సినిమాల పండగ. ఈ ఆదివారం మధ్యాహ్నం: నెత్తుటి మేడ. కడుపు చెక్కలైతే మా పూచీ లేదు.’

తండ్రి కళ్లజోడు జేబులో ఉండబట్టి సరిపోయింది.

“ఏం రాశారమ్మా?”

“నీ పేరే నాన్నా. పెద్దక్షరాల్లో.”

ఆయన్ని ముందు వరసలో కూర్చోబెట్టి, పిలవడానికి ఇంటికొచ్చిన గడ్డం కుర్రాణ్ణి మూలకి లాగింది.

“సన్మానం అన్నావు కదయ్యా.”

“సన్మానమే మేడమ్. మేమంతా సార్ భక్తులం. పెద్ద సినిమాల్లో అన్నీ సరిగ్గా ఉంటాయి, నిద్రొస్తుంది. ఇందులో ఏ షాట్‌లో ఏది ఊడిపడుతుందో తెలీదు. దీన్ని మించిన చెత్త ఇంకెవరూ తియ్యలేకపోయారు.” గుండెల మీద చెయ్యి వేసుకుని మరీ చెప్పాడు. ఆవిడకి ఒళ్లు మండిపోయింది.

“ఆయనకి ఈమధ్యే గుండె ఆపరేషన్ అయింది. ఈ ఒక్కసారికి నవ్వకండి. మీకు దణ్ణం పెడతా.”

“నవ్వకుండా ఎలా చూస్తాం మేడమ్? మేమూ మనుషులమే కదా.”

హాలు నిండింది. అందరివీ నల్ల టీషర్టులే, వాటి మీద నెత్తుటి మేడ దెయ్యమే. చదువుకున్నవాళ్లు, మంచి ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు. తమకంటే తెలివితక్కువది ఒకటి దొరికిందన్న సంబరం మాత్రం మొహాల్లో దాగడం లేదు.

సినిమా వచ్చిన కొత్తల్లో ఎవరూ నవ్వలేదు. పంపిణీదారు ఘటికుడు. సినిమా పేరు తనే మార్చాడు. ఊరంతా కోరలూ నెత్తురూ ఉన్న పోస్టర్లు అంటించాడు. హాలు ముందు అంబులెన్సు పెట్టించి, తన బావమరిదికి తెల్లకోటు తొడిగి దాని పక్కన నిలబెట్టాడు. గుండె జబ్బున్నవాళ్లు రావద్దని మైకులో చెప్పించాడు. ఇంకేముంది, జనం టిక్కెట్టుతో పాటు భయం కూడా కొనుక్కుని లోపలికెళ్లారు. మొదటి ఆటకే ఒకావిడ మూర్ఛపోయింది. ఆవిణ్ణి చూసి పక్కావిడ.

ఆ రోజు డైరెక్టరు హాలు నుంచి ఇంటికొచ్చి, అన్నం ముట్టకుండా గోడవైపు తిరిగి పడుకున్నాడు. మర్నాటికి ఒళ్లు కాలిపోయే జ్వరం. “తను తీసిన దెయ్యానికి తనే జడుసుకున్నాడు మహానుభావుడు” అని టీచరు తల్లి బతికినన్నాళ్లూ చెప్పుకుని నవ్వేది. ఆ తర్వాత నిర్మాతలు వాకిట్లో వరస కట్టారు. ఒకరికి దెయ్యం కావాలి, ఇంకొకరికి దెయ్యం అత్తగారు కూడా కావాలి. ఇల్లు గడవాలి కాబట్టి అందరికీ తీసిపెట్టాడు. తన సినిమా ఆడే హాలు ఛాయలకి మాత్రం మళ్లీ పోలేదు. తీరా ఇన్నాళ్లకి వస్తే ఇదీ మర్యాద.

దీపాలు ఆరాయి. డైరెక్టరు కళ్లజోడు పెట్టుకున్నాడు.

దెయ్యం జుట్టు విరబోసుకుని మెట్లు దిగింది. మణికట్టుకి వాచీ. మెట్టు మీద ఆగి టైము చూసుకుంది.

“షూటింగ్ ఎప్పుడైపోతుందా అని, పాపం,” అన్నాడెవడో. హాలు గొల్లుమంది.

శవం పిక్క గోక్కుంది. మళ్లీ గొల్లు. దెయ్యం గాల్లోకి లేచింది. తాడు కనబడింది. తాడు కొస పట్టుకుని మూల నిలబడ్డ బనియను మనిషీ కనబడ్డాడు. పైగా ఆవలించాడు. గడ్డం కుర్రాడు కుర్చీలోంచి జారి నేల చరుస్తూ నవ్వాడు.

తరగతిలో టీచరు కళ్లెర్ర చేస్తే ఎంత అల్లరి పిల్లాడైనా నోరు మూస్తాడు. ఇక్కడ ఆవిడ “ష్” అంటే ఆ “ష్”కి కూడా నవ్వారు.

తండ్రి చెయ్యి పట్టుకుంది. ఆయన చెంపలు తడిగా ఉన్నాయి. వీళ్ల నోళ్లు పడిపోను, అనుకుంది.

“పోదాం పద నాన్నా. వీళ్లకేం తెలుసు?”

“ఉండమ్మా. ఆఖరి సీను రానీ.”

ఆఖరి సీనులో దెయ్యం హీరో మెడ కొరికింది. కోరలు ఊడి మెడలోనే ఉండిపోయాయి. బోసినోటితో దెయ్యం వాటి కోసం నేలంతా వెతుక్కుంది.

“ఇంకో టేకుకి డబ్బుల్లేవురా,” అని వెనక వరస కేకేసింది. నవ్వలేక దగ్గినవాళ్లు కొందరు, కళ్లు తుడుచుకున్నవాళ్లు కొందరు.

దీపాలు వెలిగాయి. గడ్డం కుర్రాడు డైరెక్టరుని చెయ్యి పట్టి వేదిక ఎక్కించాడు.

“భయపెడదామని కిందా మీదా పడి, ఒక్క క్షణం కూడా భయపెట్టలేకపోయిన మహా దర్శకుడికి మా చిరు కానుక,” అని రిబ్బను కట్టిన డబ్బా చేతిలో పెట్టాడు. అందులో ప్లాస్టిక్ కోరల జత.

డైరెక్టరు కోరల్ని అటూ ఇటూ తిప్పి చూసి జేబులో వేసుకున్నాడు. మైకు అందుకున్నాడు. కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నాడు. టీచరు గబగబా వేదిక ఎక్కి ఆయన భుజం పట్టుకుంది. హాల్లో నవ్వులు ఒక్కొక్కటే ఆగాయి.

“నేను తీసిన కామెడీకి జనం నవ్వగా వినడం నాకిదే మొదటిసారి బాబూ,” అన్నాడాయన.