పిట్ట ముట్టేదాకా

పిట్ట రాలేదు.

బుగ్గయ్య సమాధి ముందు మోదుగాకుల విస్తరిలో అన్నం, మాంసం కూర, ఉడికిన గుడ్డు, పక్కన ముంతలో కల్లు. ఆయన పోయి ఇది మూడో రోజు. పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ ఇలా పెడతారు. పిట్ట వచ్చి ముట్టేదాకా ఇంటివాళ్లెవరూ మెతుకు నోట పెట్టకూడదు. ముట్టలేదంటే ఆయనకు ఏదో కోరిక మిగిలిపోయిందని అర్థం.

సమాధి సొంత చేనులోనే ఉంది. దగ్గరుంటే పిట్ట బెదురుతుందని చుట్టాలంతా దూరంగా వేపచెట్టు కింద నిలబడ్డారు.

"బీడీలు మరిచినం," అంటూ కొడుకు బాలేష్ అటు కదలబోయాడు.

"ఇటియ్యి. నేను పెడత," అని తల్లి నర్సింహమ్మ అతని చేతిలోని కట్ట లాక్కుంది. విస్తరి వేసింది కూడా ఆమే. ఇంకెవరినీ దగ్గరికి రానివ్వలేదు.

బీడీలు పెట్టినా రాలేదు. కరెంటు తీగ మీద కాకులు వరసగా కూర్చుని చూస్తున్నాయి. ఒకటి కిందికి దిగింది. విస్తరి పైన ఒక చుట్టు తిరిగి, మళ్లీ తీగ మీదికే పోయింది.

"చూసిండ్రా?" అన్నాడు బుగ్గయ్య తమ్ముడు ఐలేష్, అందరికీ వినపడేలా. "అన్న పాణమంత భూమి మీదనే ఉన్నది. పోయే ముందు గూడ నన్ను బేరం సంగతే అడిగిండు. వదినా, ఈ చేను ప్లాట్లకు ఇస్తనని ఒక్క మాట అను. పిట్ట ఎట్ల వాలదో నేను జూస్త."

"పోయే ముందు ఆయిన నిన్నడిగింది బేరం గాదు, ఎండు చేప," అంది నర్సింహమ్మ. "నేనాడనే ఉన్న."

ఎవరో నవ్వు ఆపుకున్నారు. కానీ అందరి చూపూ ఆమె మీదే ఉంది. సమాధి ఎదుట, పదిమందిలో ఇచ్చిన మాటను వెనక్కి తీసుకోవడం ఉండదు. కొంగరకలాన్ వైపు నుంచి ప్లాట్ల హద్దురాళ్లు వీళ్ల గట్టు దాకా వచ్చేశాయి. మిగిలింది ఈ చేనే.

"మరి పిట్టెందుకు వస్తలేదు? అన్నకేం గావాలె?"

"ఆయినకేం గావాల్నో నాకెరుక. నువ్వు కూసో."

"ఎంతసేపు?"

"పిట్ట ముట్టేదాకా."

"ఆకలైతుంది వదినా!"

"కానియ్యి. అన్న కోసం ఒక్క పూట ఎండితే సచ్చిపోవు."

కూర్చున్నారు. ఐలేష్ ఎవరికో ఫోను చేసి "ఇగ అయిపాయె, వస్తున్న" అన్నాడు. మళ్లీ చేసి "ఇంకా కాలె" అన్నాడు. ఆ తర్వాత చేయడం మానేశాడు.

కూతురు ఉమారాణిది ఆదిభట్లలో ఉద్యోగం. అప్పటిదాకా ఫోను చూసుకుంటూనే ఉంది. చార్జింగ్ అయిపోయింది. దాన్ని పక్కన పెట్టి, ఏం చేయాలో తోచక చేను వైపు చూసింది.

చెప్పులు దూరంగా విడిచి రావడంతో అరికాళ్లకు మట్టి తగులుతోంది. పైపైన వెచ్చగా ఉంది. బొటనవేలితో కాస్త తవ్వితే లోపల చల్లగా ఉంది. బంతితోట మీదుగా గాలి వీచింది. ముందు ఘాటు వాసన. దాని వెనకే, ఎక్కడో గట్టు మీద పండి పగిలిన సీతాఫలం తీపి వాసన.

"అక్కా, ఇను," అన్నాడు బాలేష్.

"ఏంది?"

"జొన్న."

ఎండిన ఆకులు ఒకదానికొకటి రాసుకుంటున్నాయి. అచ్చం చినుకులు మొదలైనట్టే ఉంది. ఉమారాణి గబుక్కున తలెత్తి ఆకాశం చూసింది. ఒక్క మబ్బు కూడా లేదు. ఇద్దరికీ నవ్వొచ్చింది. తండ్రి పోయాక వాళ్లు నవ్వడం అదే మొదలు.

"సిగ్గుండాలె. తండ్రి సమాధి కాడ పండ్లికిలిస్తరా?" అన్నాడు ఐలేష్.

"నవ్వనియ్యి," అంది నర్సింహమ్మ. "ఏడ్సుడే ఉండాల్నని యాడ రాసున్నది?"

ఉమారాణి తల్లి వైపు తిరిగింది. "జొన్న సప్పుడు ఇందువు రా బిడ్డా అని బాపు ఎన్నిసార్లు పిలిచిండో. బస్సుకు టైమైతుంది అన్న. గదేం ఇనుడు అని నవ్విన గూడ."

ఐలేష్ కూడా ఒక బంతిరెక్క నలిపి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఎవరైనా చూశారేమోనని పారేశాడు.

ఉమారాణి లేచి నిలబడింది.

"బాపూ! ఈ చేను అమ్మం. నేను మాటిస్తున్న."

"నిన్నెవడడిగిండు? నీ మాటకు పిట్టలొస్తయా?" ఐలేష్ గొంతు పెరిగింది.

బాలేష్ వెళ్లి అక్క పక్కన నిలబడ్డాడు. "నాది గూడ అదే మాట, చిన్నాయినా."

"వస్తయో రావో సూద్దాం," అంటూ నర్సింహమ్మ లేచింది. "గాలికి ఇస్తరి మడత వడ్డట్టున్నది. సర్దొస్త."

ఒక్కతే వెళ్లింది. సమాధి ముందు చాలాసేపు వంగి ఉంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకుని అందరూ తలలు దించుకున్నారు.

ఆమె తిరిగి వచ్చి చెట్టు కింద కూర్చుందో లేదో, తీగ మీంచి ఒక కాకి లేచింది. నేరుగా వచ్చి విస్తరి మీద వాలింది. గుడ్డు పొడిచింది. వెనకే ఇంకో రెండు వాలాయి.

"ముట్టింది! ముట్టింది!"

"అన్నకు గదే ఇష్టమైతే ఇగ నేనేమంట," అని గొణుక్కుంటూ ఐలేష్ చెప్పులు వెతుక్కున్నాడు.

కాళ్లు కడుక్కోవడానికి అందరూ బోరు వైపు నడిచారు. అందరికంటే వెనక నడుస్తున్న నర్సింహమ్మ, పిట్ట వాలకుండా పొద్దున్నే విస్తరి పైన తాను అడ్డంగా కట్టి, ఇందాకే తెంపి తెచ్చిన, దూరానికి కంటికి ఆనని నైలాన్ దారాన్ని కొంగు ముడిలోకి ఇంకాస్త లోపలికి దోపుకుంది.