పెరిగిన రెండు కిలోలు

భర్తను పట్టుకుని బరువు మిషను ఎక్కించి, అంకె చూసి ఆవిడ పొంగిపోయింది. "వారంలో రెండు కిలోలు పెరిగారమ్మా. చెంచా చెంచాకీ బతిమాలి తినిపించా, ఊరికే పోలేదు."

ఈ వార్డులో రోగుల తిండి చూసే డైటీషియన్ని నేను. టేపు తీసి ఆయన జబ్బ కొలిచాను. పోయిన వారం కంటే సెంటీమీటరు తగ్గింది. కండ కరిగిపోతోంది. పెరిగిన బరువంతా పొట్టలో చేరిన నీరే.

ఆవిడ పాలు తేవడానికి వెళ్లింది. వచ్చాక నిజం ఎలా చెప్పాలా అని కాగితాలు తిరగేస్తున్నాను.

ఆయన చొక్కా చెయ్యి కిందికి లాక్కున్నాడు. "ఆరో నెల గర్భిణి పొట్టలా ఉంది, ఇదంతా నీరని నాకు తెలీదా తల్లీ? మా ఆవిడకి మాత్రం చెప్పకు. నేను తగ్గానంటే అది మెతుకు ముట్టదు. ఇవాళైనా తిననీ."