బుంగయ్య కొత్త ఒళ్ళు

ఇప్పచెట్ల అడవిలో బుంగయ్య అనే ఎలుగుబంటి ఉండేవాడు. మోకాళ్ళు మొరాయించడంతో తేనె, ఇప్పపూలు మానేసి, ఏడాది తిరిగేసరికి సగానికి సగం చిక్కిపోయాడు. ఒళ్ళు తగ్గింది గానీ, ఆ సంగతి బుంగయ్య మనసుకు ఇంకా ఎక్కలేదు. ఉడుత ఎదురొచ్చినా దారి చాలదేమోనని పొదల్లోకి తప్పుకునేవాడు. నడుస్తుంటే వదులైన చర్మం టపటపలాడేది. ఎవరో వెంట వస్తున్నారనుకుని వెనక్కి తిరిగి చూసేవాడు.

ఒకనాడు చెవులమ్మ అనే కుందేలు ఏడుస్తూ పరిగెత్తుకొచ్చింది.

"బుంగన్నా! నా పిల్ల వాగు పక్క బండల సందులో పడింది. దాని కాలి మీద రాయి పడింది, నేనెంత తోసినా కదలటం లేదు. వాగు పొంగుతోంది!"

"ఆ సందులోకి నేనా? మధ్యలో ఇరుక్కుంటే నీ పిల్లకు దారి కూడా ఉండదు తల్లీ!"

"ఇంకా ఆ పాత ఒళ్ళే మోసుకు తిరుగుతున్నావా? ముందు దూరి చూడు!"

బుంగయ్య ఆమె వెంట బండల దగ్గరికి వెళ్ళి, కళ్ళు మూసుకుని, లేని పొట్టను రెండు చేతులా అదిమిపట్టి, ఊపిరి బిగబట్టి దూరాడు. ఎక్కడా ఏదీ తగల్లేదు. కళ్ళు తెరిస్తే ఎదురుగా పిల్ల! రాయి ఎత్తేసి, పిల్లను చంకనేసుకుని బయటపడ్డాడు.

"మామా, ఇంక ఊపిరి తీసుకో," అంది పిల్ల.

చెవులమ్మ కళ్ళు తుడుచుకుని, దుంపలు తిని వెళ్ళమని తన పొదరింట్లోకి పిలిచింది. ఎవరింటికెళ్ళినా వాకిట్లోనే చతికిలబడటం అలవాటైన బుంగయ్య, లోపలికొచ్చి బిక్కమొహం వేశాడు.

"ఎక్కడ కూర్చోమంటావమ్మా?"

"నీ ఇష్టం అన్నా!"

ఆ మాట బుంగయ్యతో అంతవరకూ ఎవరూ అనలేదు. పొద్దుగూకేదాకా ఒక్కో మూలలో కూర్చుని చూస్తూనే ఉన్నాడు.