మెంతులెక్కువైన ఆవకాయ

"అరే భాగ్యా, ఈసారి మీ ఆవకాయలో మెంతులు జ్యాదా పడ్డాయటగా?" మేముండే హిందీ ఊళ్లో, తెలీబంధా పేటలో, కూరగాయల బండి దగ్గర వెంకటరత్నం బాబాయ్ నవ్వుతూ అడిగాడు.

ఆ మాట నేను విజయనగరంలో ఉన్న అమ్మకు తప్ప ఎవరికీ చెప్పలేదు. అదీ ఫోనులోనే.

బాబాయ్ మత్తుమందుల పోలీసులు చాటుగా రికార్డు చేసిన తెలుగు ఫోన్ కాల్స్ విని, వాళ్లకు హిందీలో రాసిస్తాడు. అక్కడ తెలుగు వచ్చింది ఆయనొక్కడికే. గంజాయి కేసులో అన్నయ్యను జైలుకు పంపింది ఆ రాతే. "నీ సంచీ నేను మోయను" అని అన్నయ్య ఫోనులో బాబాయ్ మేనల్లుడితో అన్నాడు. కాగితంలో "మోస్తాను" అని ఉంది. మేనల్లుడి పేరే లేదు.

అంటే ఇప్పుడు నా ఫోనూ వింటున్నారు.

"అవును బాబాయ్, కాస్త చేదు," అని నేనూ నవ్వాను.

ఇంటికొచ్చి అమ్మకు ఫోన్ చేశాను. అన్నయ్య మాట్లాడిన తేదీ, మేనల్లుడి పేరు, అన్న మాట, అన్నీ హిందీలో నిదానంగా చెప్పాను. "ఆ కాల్ ఇంకో తెలుగాయనకి వినిపించండి సార్," అన్నాను.

"నాతో హిందీ ఏంటే? సార్ ఎవరే?" అంది అమ్మ కంగారుగా.

"వినేవాళ్లమ్మా. హిందీలో చెబితే, మార్చి రాయడానికి బాబాయ్‌కి ఏమీ మిగలదు."