ఆరో హాలు

తిరుపతిలో ఐదు హాళ్లు చూశారు. వేసవి సంగీతోత్సవానికి ఒక్కటీ పనికిరాదన్నాడు మునెయ్య. నలభై ఏళ్లుగా డోలు పక్కన కూర్చుని నాదస్వరం ఊదుతున్న మనిషి. ఆయన మాట కాదనేదెవరు?

“సాయంత్రానికి నోటీసు అచ్చుకు పోవాలయ్యా. ఇదీ వద్దంటే ఇంగ చంద్రగిరి కోటలోనే కచేరీ!” ఉత్సవం నడిపే స్టెల్లా విసుక్కుంటూ ఆరో హాలు వేదికెక్కింది.

మునెయ్య చివరి వరుసలో కూర్చుని కళ్లు మూసుకున్నాడు. “సప్పట్లు కొట్టుమ్మా, విని సెప్తా.”

స్టెల్లా చేతులెత్తింది. మళ్లీ ఒళ్లు మండింది. ఆ మొదటి హాలుకేం తక్కువ? అడిగేద్దామా అని ఒక్క క్షణం ఆగింది.

“ఈడా అంతే,” తల అడ్డంగా ఊపాడు మునెయ్య. “సప్పుడంతా గోడలు మింగేస్తా ఉండాయి. ఇంగొకటి సూద్దాం.”

స్టెల్లా ఇంకా చప్పట్లే కొట్టలేదు.

ఆయన కళ్లు తెరిచేలోగా అప్పుడే చప్పట్లు కొట్టి ఆపినట్టు గబుక్కున చేతులు కలిపేసింది.